యాభై ఏడు కిలోల లోటు

గత ఏడాది కాలంలో టల్లబిన్ పట్టణం యాభై ఏడు కిలోలు నష్టపోయిందని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఈ ప్రకటన జనవరి మొదటి సోమవారం పోస్టాఫీసు గోడ మీద, రొట్టెల దుకాణం తలుపు మీద, లూథరన్ చర్చి బోర్డు మీద ఒకేసారి వెలిసింది. కింద ‘క్లారెన్స్ జెల్లర్, అధ్యక్షుడు, తాడు ఉపసంఘం’ అని సంతకం ఉంది. ఈ ఊరికి అంతకు ముందు రెండు కరువులు వచ్చాయి. బ్యాంకు మూతపడింది. రైలు ఆగడం మానేసి పదిహేనేళ్ళయింది. వాటిలో దేనికీ అధ్యక్షులవారు నల్ల అంచు కాగితం వాడలేదు. దీనికి వాడారు.

నష్టపోయిన యాభై ఏడు కిలోలూ డెస్లీ క్రౌస్ అనే ఒక్క మనిషివి. ఆమెకు యాభై మూడేళ్ళు, బడిలో క్యాంటీన్ నడుపుతుంది. ఒకరి ఒంటి మీది బరువు పోతే ఊరికెలా నష్టమని బయటివాళ్ళకు అనుమానం రావచ్చు. ఊళ్ళో ఎవరికీ రాలేదు.

ప్రతి మార్చిలో జరిగే వ్యవసాయ ప్రదర్శనలో టల్లబిన్ ఆడవాళ్ళకూ పక్క ఊరు పాస్కో ఆడవాళ్ళకూ తాడు లాగే పోటీ ఉంటుంది. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది. గెలిచిన ఊరికి సొట్టలు పడిన రేకు టీ కెటిల్ ఒకటి ఇస్తారు. దాని మూత ఎప్పుడో పోయింది, ముక్కు రెండుసార్లు అతికించారు. ఆ కెటిల్ కారణంగా రెండు ఊళ్ళ మధ్య మూడు పెళ్ళిళ్ళు ఆగిపోయాయి, అందులో ఒకటి పెళ్ళయిన నాలుగేళ్ళకు ఆగింది. జట్టులో అందరికంటే వెనక, నడుముకు తాడు చుట్టుకుని నిలబడే మనిషిని ‘కొస’ అంటారు. పదకొండేళ్ళుగా టల్లబిన్ కొస డెస్లీయే. నూట ముప్ఫై ఒక్క కిలోల మనిషి మడమలు నేలలో దిగేసి వెనక్కి వాలితే, తాము లాగుతున్నది జట్టునా మైదానాన్నా అని పాస్కో ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. పదకొండేళ్ళూ కెటిల్ టల్లబిన్‌లోనే ఉంది.

అంత బరువు మోసే బాధ్యతను ఒక్క ఆడమనిషికే వదిలేసి చేతులు దులుపుకునే ఊరు కాదది. ప్రదర్శనకు నెల ముందు నుంచి ఇంటికొక కేకు చొప్పున డెస్లీ వరండాలో పెట్టి వెళ్ళడం ఆచారం. దీన్ని ‘కొస వాటా’ అంటారు. మీగడ కేకులు, ఆపిల్ కేకులు, కొబ్బరి పొడిలో పొర్లించిన చాక్లెట్ ముక్కలు వరసగా బల్ల మీదికి చేరేవి. ఒక ఏడు మోకాళ్ళ నొప్పులని ఆమె సగం కేకులు పక్కన పెడితే, కొస మనసు పాస్కో వైపు తిరిగిందని పుకారు పుట్టింది. మర్నాడు డెస్లీ మిగిలిన సగమూ తిని ఆ పుకారును ఖండించింది.

గత ఏప్రిల్‌లో, కెటిల్ పదకొండోసారి ఊరికి వచ్చిన మూడో వారం, డెస్లీ తూవూంబా నగరం వెళ్ళి పొట్ట ఆపరేషన్ చేయించుకుంది. షుగరు, మోకాళ్ళు, నాలుగు మెట్లెక్కితే అరగంట తగ్గని ఆయాసం, ఈ మూడూ కలిసి ఆమెను ఆసుపత్రి దాకా నడిపించాయి. డాక్టరు ఆమె జీర్ణాశయంలో ముప్పాతిక వంతు తీసేసి, ఇకమీదట పూటకు అరకప్పు చాలన్నాడు. ఊళ్ళో మాత్రం పిత్తాశయంలో రాయి తీయించుకున్నానని చెప్పింది. నిజం తెలిసినవాడు ఆమె భర్త నెవ్ ఒక్కడే. అతను పశువుల ట్రక్కు నడుపుతాడు, నోరు తెరవడం తక్కువ. రాయి తీయించుకున్న మనిషికి బలం రావాలని ఊరు మళ్ళీ కేకులు పంపింది. రహస్యం బయటపడకుండా నెవ్ నోరు తెరిచి వాటన్నిటినీ తినేశాడు.

డెస్లీ తగ్గడం మొదట్లో ఊరికి ఎంతో ముచ్చటగా ఉంది. ముప్ఫై ఏళ్ళుగా బడి పిల్లలకు వేళకు తిండి పెట్టినా, వరదల్లో మూడు రోజులు నిద్ర లేకుండా వంద మందికి సూపు కాచిపోసినా ఆమెను ఎవరూ ప్రత్యేకంగా మెచ్చుకున్న దాఖలా లేదు. ఇప్పుడు ఏ పనీ చేయకుండా, కేవలం తినకపోవడం ద్వారా ఆమె ప్రశంసలకు పాత్రురాలైంది. రోడ్డుకు అవతలి పక్క నుంచి కేకలేసి మరీ పొగిడారు. పోస్టుమాస్టరు టపా పంచడం ఆపి చప్పట్లు కొట్టాడు. అందరూ ఆమెను ఒక్కటే అడిగారు, ఎన్ని కిలోలు అని. ఆమె చెప్పిన అంకెను వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి, భోజనాల దగ్గర మిగతావాళ్ళకు పంచారు.

జులైలో ఒక మధ్యాహ్నం డెస్లీ బట్టలుతికే గదిలో, యంత్రంలోంచి బట్టలు తీయడానికి గొంతుక్కూర్చుంది. లేవబోతే కాళ్ళు లేవలేదు. నొప్పి లేదు, బెణుకు లేదు. తొడల్లో లేపే మనిషి ఎవరూ లేనట్టుగా ఉంది. నెవ్ ట్రక్కు మీద ఎక్కడో నాలుగు వందల కిలోమీటర్ల అవతల ఉన్నాడు. నూట ముప్ఫై ఒక్క కిలోలున్నప్పుడు ఆయాసపడుతూనైనా లేచేది, ఊరిని లాగి నిలబెట్టేది. ఇప్పుడు తన ఒంటినే నిలబెట్టలేక తడి బట్టల మధ్య గంటా పది నిమిషాలు కూర్చుంది. భయమేసింది, ఏడ్చింది. చివరికి కుళాయి పట్టుకుని లేవబోయింది. కుళాయి ఊడి చేతికొచ్చింది.

నీళ్ళు గుమ్మం దాటి పెరట్లోకి పారడం చూసి పక్కింటి జాయ్‌లీన్ పరుగెత్తుకొచ్చింది. జాయ్‌లీన్ తపాలా కార్యాలయంలో పని చేస్తుంది, నూట పాతిక కిలోల మనిషి, డెస్లీకి ఇరవై ఏళ్ళుగా స్నేహితురాలు. నేల మీద నీళ్ళలో కుళాయి పట్టుకుని కూర్చున్న డెస్లీని చూడగానే ఆమె నోట వచ్చిన మొదటి మాట, “అమ్మో, ఎంత సన్నబడ్డావే!”

“ముందు నన్ను లేపు తల్లీ,” అంది డెస్లీ.

లేపాక ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. డెస్లీ అన్నీ చెప్పేసింది, రాయి సంగతి అబద్ధమని కూడా. జాయ్‌లీన్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“రాత్రిళ్ళు నాకు ఊపిరి ఆగిపోతోందే డెస్. మూతికి మిషను తగిలించుకుని పడుకుంటున్నా. నాకు కూడా ఆ డాక్టరు నంబరివ్వు.”

మర్నాడు డెస్లీ ఆసుపత్రికి ఫోను చేస్తే, అక్కడి నర్సు అదేం విడ్డూరం కాదంది. కొవ్వు ఒక్కటే పోదని, దాంతో కండ కూడా బయల్దేరుతుందని, దాన్ని ఆపాలంటే బరువులెత్తాలని చెప్పింది. ఈ సంగతి ఆసుపత్రి ఇచ్చిన పుస్తకంలో నలభై ఒకటో పేజీలో ఉందట. మొదటి నలభై పేజీల్లో సన్నబడినవాళ్ళ ఫొటోలున్నాయి.

టల్లబిన్‌లో జిమ్ పాత వెన్న ఫ్యాక్టరీలో ఉంది. నడిపేవాడు మెర్వ్, అరవై ఆరేళ్ళవాడు, వయసులో ఉన్ని మూటలు కట్టి మోసినవాడు. సభ్యులు ముగ్గురు. చేరాలంటే పద్నాలుగు పేజీల ఫారం నింపాలి. ‘మీ లక్ష్యం’ అన్నచోట మూడు గళ్ళున్నాయి: బరువు తగ్గుట, ఇంకా తగ్గుట, పెళ్ళి నాటికి తగ్గుట. డెస్లీ మూడింటినీ కొట్టేసి పక్కన ‘లేచుట’ అని రాసింది. మెర్వ్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

“ఎక్కడి నుంచి?”

“నేల మీంచి.”

“అంతేనా?”

“మార్చిలో తాడుంది.”

మెర్వ్ మూలనున్న చీపురు తెచ్చి, చివర ఊడబీకి, కర్ర ఆమె చేతికిచ్చాడు. మొదటి రెండు వారాలూ ఆమె ఎత్తిన బరువు అదే. మూడో వారం ఖాళీ రాడ్డు ఇచ్చాడు, ఇరవై కిలోలు. రెండుసార్లు ఎత్తేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. పూటకు అరకప్పు తినే మనిషి కండ పెంచడమంటే, రోజంతా గుక్కెడు గుక్కెడు పాలపొడి నీళ్ళు తాగుతూ, మధ్యమధ్య గుడ్డు ముక్కను మందులా మింగుతూ ఉండడమే. జుట్టు చేతికి ఊడి వచ్చింది. అయినా వారానికి మూడు రోజులు వెళ్ళింది. మెర్వ్ తనకు తెలిసిన బోధన అంతా రెండు ముక్కల్లో చేసేవాడు. “నడుం వంచకు. ఊపిరి వదులు.”

వెన్న ఫ్యాక్టరీ కిటికీలు బస్సు స్టాపు వైపు ఉన్నాయి. బస్సు రోజుకు ఒక్కటే వచ్చినా, దాని కోసం వేచి ఉండే ఆడవాళ్ళ సంఖ్య, అక్కడ జులై, ఆగస్టుల్లో వచ్చే ఆ శీతాకాలంలో గణనీయంగా పెరిగింది. వాళ్ళంతా ఆమె మేలు కోరేవాళ్ళే. కుట్లు ఊడిపోతాయని ఒకరు, భుజాలొచ్చి మగాడిలా అయిపోతావని ఒకరు కిటికీలోంచి హెచ్చరించారు. “అంత కష్టపడి వదిలించుకున్న బరువును మళ్ళీ చేత్తో పట్టుకుంటుందేంటమ్మా,” అని ఒకావిడ నిజంగానే బాధపడింది. ఇంకొకావిడ మరింత ఆచరణాత్మకంగా ఆలోచించి, ఈ ఎత్తడాలు దించడాలూ దేనికి, హాయిగా మునుపటిలా తింటే కొస మళ్ళీ కొసలా ఉంటుంది కదా అంది. ఆ మాటతో ఊరికి మొదటిసారి దడ పుట్టింది. డెస్లీ సన్నబడుతోందని అందరికీ తెలుసు. కొస సన్నబడుతోందని అప్పుడే తెలిసింది.

నల్ల అంచు కాగితం వెలిసిన వారానికి ఉపసంఘం అత్యవసరంగా సమావేశమైంది. జాయ్‌లీన్‌కు ఆసుపత్రి తారీఖు ఖరారు చేస్తూ వచ్చిన ఉత్తరంతో, డెస్లీ తీయించుకున్నది రాయి కాదని కూడా అప్పటికే ఊరందరికీ తెలిసిపోయింది. సమావేశం పశువుల సంత కార్యాలయంలో జరిగింది. అధ్యక్షుడు క్లారీ జెల్లర్ వృత్తిరీత్యా సంతలో వేలంపాటగాడు. నలభై ఏళ్ళుగా పశువుల్ని కంటిచూపుతో తూచి అమ్మిన మనిషి కావడంతో, ఎవరు ఎదురొచ్చినా ముందు పిర్రల వైపు చూసి తరువాత నమస్కారం చేస్తాడు. అందులో దురుద్దేశం లేదు. గోడ మీద అతని తండ్రి పాత ఫొటో ఉంది. ఆయన కూడా తన కాలంలో మగవాళ్ళ జట్టుకు కొస.

“సోదర సోదరీమణులారా!” అన్నాడు క్లారీ. “డెస్లీ చేసింది ఆమె సొంత విషయమని కొందరంటున్నారు. నేను కాదనను. పొట్ట ఆమెదే. కానీ బరువు ఎవరిది? అందులో మా ఆవిడ ఆపిల్ కేకు లేదా? మీ అమ్మగారి మీగడ లేదా? పదకొండేళ్ళ పాటు ఈ ఊరు ఇంటింటా పిండి కలిపి, గుడ్లు గిలకొట్టి కట్టుకున్న ఆనకట్ట అది! దాన్ని ఒక డాక్టరు కత్తితో... క్షమించండి, నాకు మాట రావడం లేదు.” మాట రాకుండానే మరో ఇరవై నిమిషాలు మాట్లాడాడు.

సమావేశం మూడు తీర్మానాలు చేసింది. ఒకటి, డెస్లీ సేవలకు కృతజ్ఞతగా ఆమె పాత ప్యాంటును ప్రదర్శనలో గుమ్మడికాయల పక్కన గౌరవప్రదంగా వేలాడదీయాలి. రెండు, కొత్త కొసగా జాయ్‌లీన్‌ను నిలబెట్టాలి. మూడు, మార్చి రెండో సోమవారం జాయ్‌లీన్ చేయించుకోబోతున్న ఆపరేషన్‌ను ప్రజాప్రయోజనం దృష్ట్యా ప్రదర్శన అయ్యేదాకా వాయిదా వేయించాలి.

జాయ్‌లీన్ భయంభయంగా లేచింది. “ఈ తారీఖు పోతే మళ్ళీ పదకొండు నెలల దాకా ఇవ్వరంట క్లారీ. నాకు రాత్రిళ్ళు ఊపిరి...”

“అమ్మా,” అన్నాడు క్లారీ అనునయంగా. “పొట్ట ఎక్కడికీ పోదు. మార్చి పోతుంది.”

గది అంతా చప్పట్లు. జాయ్‌లీన్ జీవితంలో ఎవరికీ కాదని చెప్పి ఎరగదు. తపాలా కార్యాలయంలో ఆమెకు ఉద్యోగం కూడా అలాగే వచ్చింది. ఆమె కూర్చుంది.

అప్పుడు డెస్లీ లేచింది. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచింది. అది ఎవరూ గమనించలేదు.

“కొస నేనే నిలబడతా. మునుపటికంటే ఇప్పుడే నాకు బలముంది. కావాలంటే లాగి చూడండి.”

“బలమా?” క్లారీ చుట్టూ చూశాడు, ఆ మాట ఎక్కడో విన్నట్టు. “డెస్, నియమావళి ఏడో అంశం చదువుతా విను. ‘ప్రదర్శన నెల మొదటి శుక్రవారం, సంతలోని పశువుల కాటా మీద, అందరికంటే ఎక్కువ తూగిన మనిషే కొస.’ ఇందులో బలం అన్న మాట ఎక్కడుందో చూపించు.”

ఎక్కడా లేదు. నిజంగానే లేదు.

కొస వాటా కేకులు ఆ సాయంత్రం నుంచే డెస్లీ వరండా మానేసి పక్క వరండాకు మళ్ళాయి. ఆపరేషన్ కోసం అప్పటికే పాలపొడి నీళ్ళ మీద ఉన్న జాయ్‌లీన్ వాటిని కంచె మీదుగా నెవ్‌కు అందించింది. నెవ్ రెండిళ్ళ పరువునూ ఒక్కడే నిలబెట్టాడు. డెస్లీ కోపంతో నియమావళి ప్రతి ఒకటి తెచ్చుకుని వంటింటి బల్ల మీద పెట్టి రోజూ చదివింది. ఏడో అంశం కింద చిన్న అక్షరాల్లో ఒక వివరణ ఉంది. దాన్ని ఆమె మూడుసార్లు చదివి, మడిచి, జిమ్ సంచిలో పెట్టుకుంది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఆమె నేల మీది నుంచి తొంభై ఐదు కిలోలు ఎత్తింది. మెర్వ్ సుద్దముక్కతో గోడ మీది నల్లబల్ల మీద ఆమె పేరు, అంకె, తారీఖు రాశాడు. ఆ రోజు కిటికీ దగ్గర ఎవరూ లేరు. బస్సు వేళలు మారాయని చూడ్డానికి వెళ్ళారు.

మార్చి మొదటి శుక్రవారం పశువుల సంత కిటకిటలాడింది. కాటా మీద అంతకు ముందే ఒక ఎద్దును తూచి, కడిగి, పైన దుప్పటి పరిచారు. జట్టు ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఎక్కి దిగారు. క్లారీ పెద్ద గొంతుతో అంకెలు చదివాడు. జాయ్‌లీన్ ఎక్కినప్పుడు ముల్లు నూట పద్దెనిమిది చూపింది. జనం కేరింతలు కొట్టారు. జాయ్‌లీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఆనందబాష్పాలని ఊరి పత్రిక విలేఖరి రాసుకున్నాడు.

“ఇంకెవరైనా ఉన్నారా?” అన్నాడు క్లారీ లాంఛనంగా.

“ఉన్నా,” అంది డెస్లీ.

జనం దారి ఇచ్చారు. నెవ్, మెర్వ్ చిన్న ట్రక్కులోంచి ఒక రాడ్డు దించి కాటా ముందు పెట్టారు. అటో ఇరవై కిలోల ప్లేటు, ఇటో ఇరవై కిలోల ప్లేటు, రాడ్డుతో కలిపి అరవై కిలోలు. డెస్లీ వంగి, రాడ్డు పట్టుకుని, నిలబడి, రెండడుగులు వేసి కాటా ఎక్కింది. ముల్లు ఊగి ఊగి నూట ముప్ఫై నాలుగు దగ్గర ఆగింది. సంతలో ఆవులు కూడా అరవడం మానేశాయి.

“ఇదేంటి డెస్?” అన్నాడు క్లారీ.

“నా బరువు.”

“నీ బరువు డెబ్బై నాలుగు! మిగతాది సరుకు!”

“ఏడో అంశం కింద వివరణ చదువు.”

క్లారీకి అది చదవనక్కర్లేదు, కంఠతా వచ్చు. 1974లో అతని తండ్రి పదమూడు మాంసం కూరిన రొట్టెలు తిని, ఎనిమిది సీసాల బీరు తాగి కాటా ఎక్కినప్పుడు పాస్కోవాళ్ళు గొడవ చేశారు. పొట్టలో ఉన్నది మనిషి బరువు కాదన్నారు. అప్పటి ఉపసంఘం సుదీర్ఘంగా చర్చించి, ‘వచ్చిన మనిషిని వచ్చినట్టే తూచాలి’ అని తీర్పు చెప్పింది. జెల్లర్ వంశ గౌరవానికి ఆ వాక్యమే పునాది.

“మీ నాన్న పొట్టలో మోసుకొచ్చాడు,” అంది డెస్లీ. “నేను చేతుల్లో మోసుకొచ్చా.”

జనంలో ఎవరో నవ్వారు. క్లారీ తండ్రి ఫొటో ఉన్న కార్యాలయం వైపు చూశాడు, ముల్లు వైపు చూశాడు. వాదం కొట్టిపారేస్తే తండ్రి పోతాడు, ఒప్పుకుంటే ఊరు పోతుంది. ఇటువంటి ధర్మసంకటంలో పెద్దమనుషులు చేసే పనే అతనూ చేశాడు.

“ఉపసంఘం దీన్ని పరిశీలిస్తుంది. అంతవరకూ నియమం ఏమిటంటే, రాడ్డు నేలకు ఆనితే సరుకు. చేతిలో ఉన్నంతసేపే మనిషి. సోదర సోదరీమణులారా! ఈ తాడు చరిత్ర ఈనాటిది కాదు...”

ప్రసంగం మొదలైంది. ముందు తరాల కొసలందరినీ పేరుపేరునా తలచుకోవడం అతనికి అలవాటు. డెస్లీ రాడ్డు పట్టుకుని నిలబడింది. అర నిమిషానికి వేళ్ళు మండాయి. నిమిషానికి మోచేతుల దాకా తిమ్మిరి పాకింది. క్లారీ ఇంకా రెండో ప్రపంచ యుద్ధం దాటలేదు. చెమట కళ్ళలోకి కారింది. రాడ్డు ఒక వేలి మీది నుంచి ఇంకో వేలి మీదికి జారుతున్నట్టు తెలుస్తోంది. ఎదురుగా జాయ్‌లీన్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆ చెయ్యే తనను తడి నేల మీంచి లేపింది. ఇది వదిలితే సోమవారం ఆ మనిషి ఆసుపత్రికి బదులు కేకుల దగ్గరికి వెళుతుంది.

“ఊపిరి వదులు,” అన్నాడు మెర్వ్ నెమ్మదిగా.

వదిలింది. పీల్చింది. క్లారీ కరువు సంవత్సరాల్లోకి అడుగు పెట్టాడు.

అప్పుడు జాయ్‌లీన్, ఎవరికీ ఎదురు చెప్పి ఎరగని జాయ్‌లీన్, సంతలో గొడ్లను పాడుకునేవాళ్ళు ఎత్తినట్టు చెయ్యి పైకెత్తి గట్టిగా అరిచింది. “నూట ముప్ఫై నాలుగు!”

క్లారీ ప్రసంగం మధ్యలో ఆగిపోయాడు. నలభై ఏళ్ళుగా ఆ ఆవరణలో చెయ్యి లేచి అంకె వినబడితే అతని నాలుక అతని అనుమతి అడగదు.

“నూట ముప్ఫై నాలుగు,” అంది నాలుక. “నూట ముప్ఫై నాలుగు, ఆపైన ఎవరైనా? వెనకాల అయ్యా? మీరమ్మా? నూట ముప్ఫై నాలుగు, ఒకటోసారి...” మొహం మీద భయం కనిపిస్తూనే ఉంది, నాలుక మాత్రం ఆగలేదు. “రెండోసారి... ఇక లేరా... మూడోసారి!” కుడి చెయ్యి దానంతటదే లేచి బల్ల మీద టప్పున కొట్టింది.

సంతలో ఒకసారి కొట్టేశాక వెనక్కి తీసుకోవడమన్నది లేదు. ఆ నియమం ముందు చర్చి కూడా తలవంచుతుంది. డెస్లీ రాడ్డును చప్పుడు కాకుండా దించి, నిటారుగా నిలబడింది. ఆ తరువాత పది నిమిషాలు ఆమె వేళ్ళు విప్పుకోలేదు. నెవ్ ఒక్కో వేలూ పట్టుకుని విప్పాడు.

సోమవారం జాయ్‌లీన్ తూవూంబా వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది. ఊరు ఆమెతో నాలుగు రోజులు మాట్లాడలేదు. మగవాళ్ళ జట్టుకు కొస ఎవరన్న ప్రశ్న అసలు రానేలేదు, ఎందుకంటే నెవ్ నూట ఇరవై ఆరు తూగాడు.

ప్రదర్శన రోజున డెస్లీ తాడు నడుముకు చుట్టుకుని నిలబడితే పాస్కో ఆడవాళ్ళు ఆమెను పోల్చుకోలేదు. పోల్చుకున్నాక జాలిపడ్డారు. ఒకావిడ వచ్చి, ఎక్కడైనా పట్టేస్తే చెయ్యెత్తమ్మా, మేం వదిలేస్తాం అని కూడా చెప్పింది. ఈల వేశారు. తాడు బిగిసింది. మొదటి నిమిషం టల్లబిన్ రెండడుగులు పాస్కో వైపు జారిపోయింది. జనం నిట్టూర్చారు, కొందరు గుమ్మడికాయలు చూడ్డానికి బయల్దేరారు. డెస్లీ మోకాళ్ళు వంగి వంగి, దాదాపు నేలకు ఆనేదాకా కిందికి పోయింది. బట్టలుతికే గదిలో సరిగ్గా అంత లోతున ఆగిపోయింది ఆమె. ఈసారి లేచింది. అంగుళం అంగుళం లేచింది, లేస్తూ ఏడుగురు ఆడవాళ్ళనూ తాడునూ వెనక్కి తెచ్చింది. మూడున్నర నిమిషాలకు పాస్కో గీత దాటింది. అందరూ కింద పడి ఉండగా ఆమె ఒక్కతే నిలబడి ఉంది. గొంతు పగిలేలా ఏదో అరిచింది. ఏమి అరిచిందో ఆమెకే తెలియదు, ఇంత సంతోషం ఎన్నడూ ఎరగదు.

విజయోత్సవ ప్రసంగంలో క్లారీ ఈ గెలుపును ఊరి సమష్టి బరువుకు అంకితం చేశాడు. ప్రదర్శనలో వేలాడుతున్న పాత ప్యాంటు ఆత్మబలం ఇచ్చిందన్నాడు. ఆ ప్యాంటుకు నీలం రిబ్బను కూడా వచ్చింది, గుమ్మడికాయకు రెండో స్థానం. ఊరి పత్రిక మొదటి పేజీలో ‘యాభై ఏడు కిలోలు తగ్గిన మహిళ చేతికి కెటిల్’ అని వేసి, ఫొటో మాత్రం ప్యాంటుది వేసింది. ఉపసంఘం ఏడో అంశాన్ని సవరించి, ఇకపై కొసను ఇనుము లేకుండా తూచాలని నిర్ణయించింది. బలం అన్న మాటకు అందులో చోటు దొరకలేదు.

ఆ మధ్యాహ్నమంతా జనం వరస కట్టి వచ్చి డెస్లీ చేతులు పట్టుకున్నారు. నడుం చుట్టూ తాడు ఒరుసుకున్న చోట చొక్కాకు నెత్తురు మరకలున్నాయి. “ఎంత సన్నబడ్డావమ్మా! ఇంతకీ మొత్తం ఎన్ని కిలోలు?” అని అడిగారు. ఎంత ఎత్తానో చెప్పనా అని ఆమె ఉత్సాహంగా మొదలుపెట్టింది. “అవన్నీ మనకెందుకులే తల్లీ, ఎంత తగ్గావో చెప్పు, మా కోడలికి చెప్పాలి,” అన్నారు. నలుగురైదుగురికి చెప్పబోయి మానేసింది. ఆమెకు ఏడుపొచ్చింది, ఆ రోజుకు అదొక్కటే ఓటమి.

ప్రదర్శన అయిన సోమవారం జిమ్‌కు వెళితే కొత్త సభ్యులు పంతొమ్మిది మంది వరసలో ఉన్నారు. వాళ్ళ సౌకర్యార్థం ఉపసంఘం వాళ్ళే వచ్చి నల్లబల్ల తడిగుడ్డతో తుడిచి, పెద్ద అక్షరాలతో ‘మీరూ చేరండి, యాభై ఏడు కిలోలు తగ్గండి’ అని రాసి వెళ్ళారు. మెర్వ్ సుద్దముక్క కోసం వెతుకుతున్నాడు. దొరకలేదు.

కాబట్టి ఫిబ్రవరిలో ఆ మంగళవారం వెన్న ఫ్యాక్టరీలో డెస్లీ క్రౌస్ నేల మీది నుంచి ఎత్తిన బరువు ఎంతో ఇప్పుడు ఈ కథలో తప్ప ఎక్కడా నమోదై లేదని ఇందుమూలంగా పాఠక మహాశయులకు తెలియజేయడమైనది. ఆమె ఎన్ని కిలోలు తగ్గిందో మిమ్మల్ని ఎవరు అడిగినా తడుముకోకుండా చెబుతారు. ఎన్ని కిలోలు ఎత్తిందో, పేజీ వెనక్కి తిప్పకుండా చెప్పండి.